మూలుగ మార్పిడి జరిగిన బిడ్డకు నోరు పూస్తే

బిడ్డకు నోరు పూస్తే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట, "ఒంట్లో వేడి చేసింది" అని. మజ్జిగ తాగిస్తాము, బి కాంప్లెక్స్ మాత్ర వేస్తాము. మామూలు బిడ్డకు కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కాని ఎముక మూలుగ మార్పిడి, అంటే బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్ జరిగిన బిడ్డ విషయంలో ఈ అలవాటు ప్రమాదకరము.

తలసేమియా, రక్త క్యాన్సర్ వంటి జబ్బులకు ఈ చికిత్స చేస్తారు. వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో ఇది 1986లో మొదలైంది. కోరుకొండ వంటి ఊళ్ళ నుండి అంత దూరం వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు ఇంటి దగ్గర ఏమి గమనించాలో తెలుసుకోవాలి.

పుండ్లు ఎందుకు వస్తాయి?

కొత్త మూలుగ ఎక్కించే ముందు ఘాటైన మందులతో పాత మూలుగను నశింపజేస్తారు. ఆ మందులు నోటి లోపలి పలుచని పొరను కూడా దెబ్బతీస్తాయి. సాధారణంగా వారం రోజుల్లో పుండ్లు మొదలై, రెండవ వారంలో ముదురుతాయి. కొత్త మూలుగ పనిచేసి తెల్లకణాలు పెరిగే కొద్దీ మానిపోతాయి.

ఇంటికి వచ్చిన తరువాత కనబడేవి వేరు. పెరుగు తరకల వంటి తెల్లని పొర ఫంగస్ వలన, నీటి పొక్కులు వైరస్ వలన రావచ్చు. కొన్ని నెలల తరువాత బుగ్గల లోపల తెల్లని జాలీ వంటి గీతలు, నోరు ఎండిపోవడం, కొద్దిపాటి కారానికే మంట కనిపిస్తే, దాత కణాలు బిడ్డ శరీరంపై దాడి చేస్తున్నాయేమోనని అనుమానించాలి. దీనిని జి.వి.హెచ్.డి. అంటారు. ఇది విటమిన్ మాత్రలతో తగ్గదు.

మీరు చేయవలసినవి

* రోజూ టార్చి వేసి నోరు చూడండి.
* మెత్తని బ్రష్ వాడండి. కాచి చల్లార్చిన గ్లాసు నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలింపజేయండి.
* చల్లారిన జావ, మెత్తని పప్పన్నం పెట్టండి. ఆవకాయ, పులుసు, జంతికలు వద్దు. పెరుగు, మజ్జిగ డాక్టరును అడిగి ఇవ్వండి.
* తేనె, పసుపు, ఆకు పసర్లు పూయవద్దు. తెల్లని పొరను గీకవద్దు.
* మందులు మీ అంతట మీరు ఆపవద్దు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, నోటి నుండి రక్తం వచ్చినా, మంచినీళ్ళు కూడా మింగలేకపోయినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి రండి. జ్వరం మాత్ర వేసి తెల్లవారే వరకు ఆగవద్దు. డిశ్చార్జి కాగితాలు వెంట తెచ్చి, మూలుగ మార్పిడి జరిగిందని మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటతో మేము చేయవలసిన వైద్యమే మారిపోతుంది.