కనబడు భయము – కనబడని ప్రమాదము

గోదావరీ నదీతీరమున, పెద్దపల్లి జిల్లాలో, రామగుండము, గోదావరిఖని పట్టణములు కలవు. ఆ నేల పొరలలోని బొగ్గును సింగరేణి కాలరీస్ కంపెనీ వెలికితీయుచున్నది. ఈ సంస్థ 1920వ సంవత్సరమున ఆ పేరుతో ఏర్పడినది. బొగ్గుగనిని అక్కడివారు 'బాయి' అందురు. "నాయన బాయికి పోయినాడు" అని పిల్లలు చెప్పునపుడు వారి కంఠమున భయము వినబడదు. రైతుబిడ్డ "నాయన పొలమునకు పోయినాడు" అన్నట్లే అది నిత్యపు మాట.

అయితే అక్కడి జనులకు భయమే లేదని తలపరాదు. ఓపెన్‌కాస్టు గనిలో బండను పగులగొట్టుటకు మందు పేల్చుదురు. అపుడు సమీప గ్రామములలో నేల అదరును, కిటికీలు గలగలలాడును, గోడలు బీటలు వారునేమోయని గృహస్థులు కలవరపడుదురు. ఆ కలవరము అకారణము కాదు. కావుననే నేల ఎంత కంపించినదో యంత్రములతో కొలుచుట ఏర్పడినది.

కాని చప్పుడు చేయని ప్రమాదములు వేరుగా ఉన్నవి. గనిలో ఊరు మీథేను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు చేరినచో, నిప్పురవ్వ తగిలినంతనే పేలును. సన్నని బొగ్గుధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొని మనుష్యుని క్రుంగదీయును. పేలుడు జరిగిన దినమున ఊరంతయు పరుగెత్తుకొని వచ్చును. ధూళివలన దగ్గుచున్న వృద్ధుని వాకిటికి ఎవరును పరుగెత్తరు.

మానవుని ఈ స్వభావమును శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. మనుష్యులు తాము కోరి చేపట్టిన ప్రమాదమును సులభముగ సహింతురనియు, ఇతరులు తమపై మోపిన ప్రమాదమును సహింపరనియు 1969లో చాన్సీ స్టార్ అను అమెరికా దేశీయుడు వివరించెను. కర్మాగారపు పొగనుగూర్చి ఆందోళన చెందువాడే రాజీవ్ రహదారిపై శిరస్త్రాణము లేక మోటారు సైకిలు నడుపుట మనము చూచుచునే యున్నాము. 1987లో పాల్ స్లోవిక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మరియొక విషయమును తెలిపెను. ఘోరముగ తోచునదియు, తమకు తెలియనిదియు జనులను అధికముగ భయపెట్టును, అలవాటైనది భయపెట్టదు.

అలవాటు ఎంత మోసము చేయునో ఒక దీపము కథ తెలుపును. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో వాయువు పేలి 92 మంది మరణించిరి. పిమ్మట 1815లో హంఫ్రీ డేవీ రక్షణదీపమును నిర్మించెను. జ్వాలచుట్టును సన్నని తీగవల యుండుటచే వేడి చెదరిపోయి వెలుపలి వాయువు అంటుకొనదు. అది గొప్ప సాధనమే. కాని దీపమున్నదను ధైర్యముతో, వాయుభీతిచే పూర్వము విడిచిన చోట్లలో సైతము త్రవ్వకము సాగించిరి. అందుచే చాలకాలము మరణములు ఆశించినంత తగ్గలేదు. దీపము ప్రమాదమును తగ్గించెను. అతివిశ్వాసము దానిని మరల పెంచెను.

గోదావరిఖని ప్రాంతమును ఇట్టి దుఃఖమును ఎరుగును. 2003 జూన్ 16న జి.డి.కె. 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ఒక్కసారిగ చొరబడి 17 మంది కార్మికులను బలిగొనెను. అదే సంవత్సరము అక్టోబరు 16న జి.డి.కె. 8ఎ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి. నాలుగు మాసములలో ఇరువదియేడు కుటుంబములు దీపము లేనివాయెను.

విడిచిన పాత గనులలో నీరు నిలువ యుండును. దానికిని, పనిచేయు చోటునకును నడుమ బొగ్గుగోడ తగినంత మందముగ ఉండవలెను. పాతగనికి 60 మీటర్ల లోపల పనిచేయునపుడు ముందుగ రంధ్రములు తొలిచి పరీక్షింపవలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలోనే కలదు. అయినను 1975 డిసెంబరు 27న నేటి జార్ఖండ్‌లోని చస్నాలా గనిలోనికి నీరు విరుచుకొనిపడి 375 మందిని హరించెను. నిబంధన పుస్తకమున ఉన్నంతమాత్రమున గోడ దృఢపడదు. గోడకు ఆవల ఏమున్నదో కొలిచి తెలిసికొనినపుడే దానికి ఫలము.

కొలుచుటకు యంత్రములేగాక మనుష్యులును కావలెను. మైనింగు సర్దారు కఱ్ఱతో కప్పును తట్టి చూచును. గట్టికప్పు ఖంగున మ్రోగును; పొర విడిన కప్పు డొల్లధ్వని నిచ్చును. మీథేను నూటికి ఒకటింబావు పాలు చేరినచో పనివారిని వెలుపలికి పంపవలెనని నియమము. ఆ గుర్తు చేరునంతవరకు గాలి ఎప్పటి గాలివలెనే యుండును. కన్ను, ముక్కు ఏమియు చెప్పజాలవు. అచ్చట యంత్రమే చెప్పవలెను. కప్పుపై నీటి చెమ్మ క్రొత్తగ కనబడినదని చెప్పువాడు మాత్రము అచ్చట పనిచేయు కార్మికుడే.

అధికారి లెక్కలు చూపి "భయపడకుడు" అనును. సామాన్యుడు "ఆపద వచ్చిన నష్టపడునది ఎవరు? మాకు ముందుగ తెలుపుదురా?" అని యడుగును. ఈ రెండును అవసరమే. లెక్క లేని భయము ఒకచోట వృథాగ వణకును, మరియొకచోట నిద్రించును. ప్రశ్నలను వినని లెక్క జనుల నమ్మకమును పోగొట్టుకొనును.

భయపడుట పిరికితనము కాదు; నిర్లక్ష్యము శౌర్యము కాదు. కప్పు పలుచగ మ్రోగినదని చెప్పి పని నిలిపినవానివలన ఒక దినపు బొగ్గు తగ్గవచ్చును. కాని ఆ సాయంకాలము బాయికి పోయినవారందరు ఇండ్లు చేరుదురు.