తూము వద్ద యంత్రము: నమ్మకము, కట్టుబాటు, పొందిక

నాగార్జునసాగరు కుడికాలువ క్రింద సేద్యము సాగు పల్నాటి గ్రామములలో వంతు తగాదా ఎరుగని పంచాయతి సభ్యుడు అరుదు. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువకు నీరు విడిచిన నాటినుండియు పైతూము రైతునకును, చివరితూము రైతునకును నడుమ ప్రశ్న యొక్కటే: నీరు అందినదా, లేదా? 1997 నాటి చట్టము సాగునీటి పంపిణీలో రైతుల సంఘములకు బాధ్యత నొసగినది. నేడు ఇట్టి పనులలో కంప్యూటరు ప్రోగ్రాముల సాయము గూర్చిన మాట వినవచ్చుచున్నది. తానే సమాచారము గ్రహించి, చేయదగిన పనిని తానే నిర్ణయించు ప్రోగ్రామును మనము యంత్రప్రతినిధి యందము. అది దేనిని నమ్మును? ఏ కట్టుబాటును పాటించును? ఈ సంగతి మనము తెలిసికొనదగియున్నది.

కెనడా దేశపు తత్త్వవేత్త పాల్ థాగార్డ్ 1989లో ఒక మార్గము చూపెను. ఏ మాటనైనను ఒంటిగా తూచరాదు. తక్కిన మాటలతో దానికి గల పొందికను చూడవలెను. ఒకదానికొకటి ఊతమిచ్చు మాటల నడుమ పొత్తు, పొసగని మాటల నడుమ వైరము. పొత్తుగల రెండును ఒకే వైపున నిలిచినను, వైరముగల రెండును చెరియొక వైపున నిలిచినను ఆ బంధపు మార్కులు వచ్చును. మాటలన్నిటిని అంగీకృతములు, తిరస్కృతములు అని రెండుగా విభజించి, ఎక్కువ మార్కులు వచ్చు విభజనను గ్రహింపవలెను. సింధు జోసెఫ్, కార్లెస్ సియెర్రా, మార్కో షోర్లెమ్మెర్ మున్నగువారు ఈ పద్ధతిని యంత్రప్రతినిధుల నమ్మకములకును, కట్టుబాట్లకును వర్తింపజేసి 2010 ప్రాంతమున వ్రాసిరి.

ఒక మేజరు కాలువ షట్టరు నిట్టి ప్రతినిధి చూచుచున్నదని అనుకొందము. దాని యెదుట నాలుగు మాటలున్నవి. వంతు గడువు ముగిసినది గనుక షట్టరు మూయవలెను, ఇది కట్టుబాటు. చివరితూమునకు నీరు అందినది; ఇది పుస్తకములోని నమోదు. చివరితూము కొలబద్ద పొడిగా నున్నది. ఇది చూచిన సంగతి. చివరివానికి అందువరకు మూయరాదు; ఇది సంఘము వారి తీర్మానము, మరియొక కట్టుబాటు. మొదటి రెండింటి పొత్తునకు 2 మార్కులు, నమోదునకును కొలబద్దకును గల వైరమునకు 4, కొలబద్దకును తీర్మానమునకును గల పొత్తునకు 3, రెండు కట్టుబాట్ల వైరమునకు 3 అని పెట్టుదము.

గడువును, నమోదును అంగీకరించి తక్కిన రెండింటిని త్రోసివేసిన 12 మార్కులు వచ్చును. కొలబద్దను, తీర్మానమును అంగీకరించి మొదటి రెండింటిని త్రోసివేసినను సరిగా 12 మార్కులే! చక్కగా అల్లిన అబద్ధమునకును పొందిక యుండును గదా. కనుకనే థాగార్డ్ కంటితో చూచిన సంగతికి తనంతట తనకే కొంత విలువ నొసగెను. కొలబద్దకు 1 మార్కు అదనముగా నిచ్చినచో చివరితూము వైపు 13 అగును, షట్టరు తెరచియే యుండును.

ఇప్పుడు ఎవరో గడువునకు కూడ తనంతట తనకు 2 మార్కులు ఇచ్చిరనుకొనుడు. ఆ వైపు 14 అగును. షట్టరు మూతపడును. అంతమాత్రమే కాదు, నీరు అందినదని ప్రతినిధి నమ్మును, కొలబద్దయే చెడినదని తలచును. కట్టుబాటుపై పెట్టిన బరువు నమ్మకమును కూడ తనవైపునకు ఈడ్చుకొనిపోయినది. దీనినే మేము ముఖ్యముగా గమనింపగోరుచున్నాము. చివర మిరప వేసినవాని చేను ఎండుచుండగా యంత్రము తన లెక్కలో ఏ తప్పును కానదు.

ఈడ్పు రెండు దిక్కులను సాగును. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని పల్నాటి వీరగాథ చెప్పును. చాపకూడు ఒక కట్టుబాటు. హెచ్చుతగ్గులు ఒక నమ్మకము. ఆ రెండింటికి ఒకే యింట పొత్తు కుదరదు, ఏదో యొకటి కదలవలెను. క్రొత్త కట్టుబాటు పాత నమ్మకమును కదల్చుట అక్కడ మేలాయెను. చివరితూము వద్ద అదే గుణము కీడాయెను. నీరున్నదా లేదా అనునది మన కట్టుబాట్లను బట్టి మారునది కాదు గనుక. అందుచే ముందు సంగతులను మాత్రమే తమలో తాము తూచి తేల్చి, పిమ్మట వానిపై కట్టుబాట్లను తూచుట క్షేమమని మా అభిప్రాయము.

నాలుగు మాటలకు 16 విభజనలే గనుక కాగితముపై చూచుకొనవచ్చును. ఇరువది మాటలకు 10,48,576 విభజనలగును. మాటలు పెరిగినకొలది అన్నిటిని పరీక్షించుట యంత్రమునకును భారమై, అది సుమారైన సమాధానముతో సరిపుచ్చుకొనవలసివచ్చును.

అట్టి యంత్రము మన తూము వద్దకు వచ్చిననాడు మార్కుల పట్టికను గ్రామసభలో చదివి వినిపింపుమని సభ్యులు అడుగవచ్చును. కొలబద్దకెంత, గడువునకెంత, ఎవరు నిర్ణయించిరి? కొలబద్ద చుట్టును చేరిన ఒండ్రును తీయు మనిషి ఎవరో కూడ ఆ కాగితముననే వ్రాయింపవలెను.