యంత్రమే మనకు తగ్గట్టు ఉండాలి

ఈ పాఠంలో ఓటు యంత్రం గురించి చదువుదాం.

"మాకు యంత్రాలు చేతకావు" అని చాలామంది ఆడవాళ్లు అంటుంటారు. మరి ఓటు యంత్రం మీద మీట నొక్కుతున్నాం కదా! అదెలా వచ్చింది?

1951-52లో మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పుడు చాలామందికి చదువు రాదు. పేరు చదివి ఓటెయ్యమంటే ఎలా? అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. పెట్టె మీద గుర్తు అంటించారు. జనం గుర్తు చూసి ఓటేశారు.

కానీ ఓటర్ల జాబితా దగ్గర చిక్కు వచ్చింది. చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా అబ్బాయి తల్లిని" అన్నారు. ఉత్తరాదిలో ఇది ఎక్కువ. అది అప్పటి ఆచారం. జాబితాలో మాత్రం సొంత పేరే ఉండాలి. దాంతో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు కొట్టేశారు. వాళ్ల ఓటు పోయింది.

చూశారా! చదువునీ ఆచారాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే మనిషి హక్కే పోతుంది.

తర్వాత ఓటు యంత్రం వచ్చింది. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో మొదట వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని నియోజకవర్గాల్లో వాడారు. దీన్ని బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారు చేస్తాయి. ఈ యంత్రాన్ని మన సంగతులు చూసుకుని చేశారు.

చదువు రాని వాళ్లున్నారు. అందుకే పేరు పక్కన గుర్తు ఉంటుంది. గుర్తు పక్కన నీలం మీట ఉంటుంది.

కరెంటు లేని ఊళ్లున్నాయి. అందుకే అది బ్యాటరీతో నడుస్తుంది.

చూపు లేని వాళ్లున్నారు. అందుకే మీట పక్కన తడిమి చదివే చుక్కల అంకెలు ఉంటాయి.

రిగ్గింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు.

"నా ఓటు ఎటు పోయిందో?" అనే అనుమానం ఉంటుంది. అందుకే పక్క పెట్టె అద్దంలో 7 సెకన్లు చీటీ కనిపిస్తుంది. చీటీ మీద పేరు, గుర్తు ఉంటాయి. అది మీరే చదువుకోండి.

బ్యాంకులో డబ్బు యంత్రమైనా, సెల్‌ఫోనైనా ఇదే మాట. అర్థం కాకపోతే సిగ్గుపడకండి. లోపం యంత్రంలోనే ఉండొచ్చు. "తెలుగులో లేదా? బొమ్మ పెట్టలేరా?" అని గట్టిగా అడగండి.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. 28 లక్షల మంది ఓటు ఎందుకు పోయింది?
2. మీకు కష్టంగా ఉన్న యంత్రం ఏది? అది ఎలా ఉంటే బాగుంటుంది?
3. ఓటర్ల జాబితాలో మీ పేరు ఎలా రాశారు? మీరే చదివి చూడండి.