ఉద్యోగ విరమణము – యోగము నేర్పు మూడు పాఠములు

విద్యకు, వివాహమునకు, ఉద్యోగమునకు మనము ఎన్నియో ఏండ్లు ముందుగ సిద్ధపడుదుము. విరమణమునకు సిద్ధపడువారు అరుదు. ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు తెలంగాణమున 2021లో 58 నుండి 61 ఏండ్లకును, ఆంధ్రప్రదేశమున 2022లో 60 నుండి 62 ఏండ్లకును పెరిగినది. గడువు పెరిగినను ఆ దినము రాక మానదు. నిన్నటివరకు పదిమందికి ఆజ్ఞ లిచ్చిన మనిషి నేడు ఆ అధికారమును వంటయింటిపై చూపును. ఇల్లాలికి, కోడండ్రకు మనశ్శాంతి కరవగును. ఈ సంధికాలమును దాటుటకు యోగాభ్యాసము మూడు పాఠములను నేర్పుచున్నది.

మొదటిది, విడుచు విధము. పతంజలి మహర్షి యోగసూత్రములలో ఆసనమును గూర్చి చెప్పినవి మూడు సూత్రములే. ఆసనము స్థిరముగను, సుఖముగను ఉండవలెననియు, ప్రయత్నమును సడలించుటచే అది సిద్ధించుననియు వాని సారాంశము. సర్వాంగాసనము వేసినవాడు కాళ్లను ఒక్కసారిగ పడవైచినచో మెడకును, నడుమునకును హాని కలుగును. ఆసనమున ప్రవేశించుటకు ఎంత శ్రద్ధ కావలెనో వెలువడుటకును అంత శ్రద్ధ కావలెను. కావున ఏడాది ముందునుండియే లెక్కలను, బాధ్యతలను, నిర్ణయములను ఒక్కొక్కటిగ తరువాతివారికి అప్పగింపవలెను. చివరి దినము వరకు బిగబట్టినవానికే ఎడబాటు దుర్భరమగును.

రెండవది, విశ్రాంతి. శవాసనము అలసటను పోగొట్టి చిత్తమునకు విశ్రాంతి నిచ్చునని స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో చెప్పెను. శవాసనము నిద్ర కాదు. దేహము కదలకున్నను మనస్సు మెలకువతో ఉండును. విరమణానంతరము కొన్ని నెలలు ఇట్లే గడపవలెను. చేతికి వచ్చిన సొమ్మును తొందరపడి తెలియని వ్యాపారమున పెట్టరాదు. ఆస్తి పంపకములకు పూనుకొనరాదు. మనస్సు కుదుటపడిన పిదప చేసిన నిర్ణయమే నిలుచును.

మూడవది, అభ్యాసము. దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో చేసినదే దృఢమగునని పతంజలి మతము. ఎడమ అరచేత ఇష్టలింగము నుంచి దృష్టిని నిలుపువారికి ఇది క్రొత్త మాట కాదు. ఆ పూజావేళ ఏ కార్యాలయపు గంటకును కట్టుబడినది కాదు. కావున విరమణముతో పోవునది కాదు. ఆ వేళను ఆధారముగ చేసికొని తక్కిన దినమును అమర్చుకొనవలెను. బసవేశ్వరుడు బోధించిన కాయకము జీతముతో ముగియదు. ఇరుగుపొరుగు పిల్లలకు గంటసేపు చదువు చెప్పుటయు కాయకమే.

ఇచట ఒక సంగతి మరువరాదు. ఇల్లాలికి విరమణ దినము లేదు. విశ్రాంతి తనకు మాత్రమే అనుకొనినవాడు ఎన్ని ఆసనములు వేసినను యోగి కాజాలడు. నీళ్లు పట్టుట, కూరలు తెచ్చుట, మనుమలను బడికి దించుట మున్నగు పనులలో పాలు పంచుకొనుటయే అతని తొలి సాధన.

అరువది ఏండ్ల తరువాత ఆసనముల నారంభింపదలచినవారు వైద్యుని సలహా పొందవలెను. రక్తపు పోటు, మెడనొప్పి గలవారు సర్వాంగాసనము వేయరాదు. శ్వాసను గమనించుచు నిశ్చలముగ కూర్చుండుట మాత్రము ఎవరికైనను సాధ్యమే. విడుచుటను నేర్చినవానికి విరమణము నష్టము కాదు. మరియొక ఆసనమునకు సిద్ధపాటు.