పొదుగు ఎందుకు వాస్తుంది?

నిన్న సాయంత్రం బాగా పాలిచ్చిన గేదెకు తెల్లవారేసరికి పొదుగు రాయిలా గట్టిపడిందేమని సంఘాల తనిఖీలో సభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు. దీనికి జవాబు పొదుగులోని సన్నని రక్తనాళాల్లో ఉంది.

రక్తనాళం లోపలి గోడకు పలుచని కణాలు బండలు పరిచినట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ పొర నునుపుగా ఉండి, రక్తంలోని తెల్లకణాలు దాదాపుగా అంటుకోకుండా సాగిపోతాయి.

చనురంధ్రం గుండా సూక్ష్మజీవులు పొదుగులో చేరగానే అక్కడి కాపలా కణాలు సైటోకైన్లు అనే పదార్థాలను వదులుతాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1 వీటిలో ముఖ్యమైనవి. రక్తనాళపు పొరకు ఇవి ప్రమాద వార్తను చేరవేస్తాయి. కొద్ది గంటల్లోనే మూడు మార్పులు వస్తాయి.

1. నాళం వెడల్పయి రక్తం ఎక్కువగా వస్తుంది. అందుకే పొదుగు వేడెక్కి ఎర్రబడుతుంది.

2. కణాల మధ్య సందులు ఏర్పడి రక్తంలోని నీరు, మాంసకృత్తులు బయటికి ఊరతాయి. అదే వాపు.

3. పొర మీద సెలెక్టిన్ల వంటి అంటుకునే అణువులు పుడతాయి. తెల్లకణాలు వాటిని పట్టుకుని ఆగి, గోడ దాటి పాలలోకి చేరి సూక్ష్మజీవులను మింగుతాయి.

అంటే వాపు శరీరం చేసుకునే రక్షణ ఏర్పాటే. అయితే ఈ పోరు ఎక్కువ రోజులు సాగితే పాలు తయారుచేసే కణాలే దెబ్బతిని, ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. ఇ.కోలై వంటి క్రిముల వల్ల వచ్చే తీవ్రమైన వ్యాధిలో ఈ ప్రభావం ఒళ్ళంతా పాకి పశువు ప్రాణానికే ముప్పు కలుగుతుంది.

వాపు కనబడకముందే పాలలో తెల్లకణాలు పెరుగుతాయి. ఆరోగ్యమైన ఆవు పాలలో మిల్లీలీటరుకు సాధారణంగా 1 లక్ష లోపు కణాలుంటాయి. 2 లక్షలు దాటితే లోపల వ్యాధి ఉన్నదని అనుమానించాలి. కాలిఫోర్నియా పరీక్ష ద్రావకం కలిపితే అటువంటి పాలు జిగటగా చిక్కబడతాయి.

సభ్యులు పాటించవలసినవి:

ప్రతి పూటా తొలి ధారలను నల్లగుడ్డ కట్టిన గిన్నెలో పిండి, గడ్డలు, పీచు ఉన్నవేమో చూడండి. అనుమానమున్న చన్నును చివర విడిగా పిండండి. ఆ పాలు సంఘానికి పోయవద్దు, కొట్టం నేల మీద పారబోయవద్దు. పాలు తీశాక చనురంధ్రం కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. కాబట్టి చన్నులను అయొడిన్ మందులో ముంచి, పశువు వెంటనే పడుకోకుండా మేత వేయండి. పశువైద్యుని అదే రోజు పిలవండి. మందు వాడిన పశువు పాలను ఆయన చెప్పిన గడువు తీరాకే కేంద్రానికి తెండి.

ఒక్కరి పాలు చెడితే క్యాను మొత్తం చెడుతుంది. ఆ నష్టం సంఘంలోని అందరిదీ.