సీసాలో మనీ ప్లాంట్



బుజ్జీ, నువ్వు పంపిన ఫొటోని మీ పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. టీవీ వెనక మూల, గాజు సీసా, అందులో మనీ ప్లాంట్. పసుపు చారలు పోయి ఒట్టి ఆకుపచ్చ మిగిలింది. ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు కాడ. తెగులేం కాదు, చీకటి. చారలున్న చోట పత్రహరితం తక్కువ. ఆ మూలన దొరికే వెలుతురుతో అలాంటి ఆకును సాకడం తీగకు గిట్టుబాటు కాదు. కిటికీ దగ్గరికి జరుపు, పడమటెండ మాత్రం నేరుగా తగలనీకు. పచ్చబడ్డ ఆకులకు చారలు తిరిగి రావు. చారలున్న ఆకు కణుపు దాకా కత్తిరిస్తే అక్కడ కొత్త చిగురు వేస్తుంది.

మనీ ప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మొరేయా దీవి. అడవిలో చెట్టు మానును పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ ఆకు పెరిగి, చీలికలై, మూరెడు దాటుతుంది. పార్కులో చెట్టెక్కిన తీగా, సీసాలోదీ ఒకటేనంటే ఎవరూ నమ్మరు! ఆకులు పెద్దవి కావాలంటే కుండీలోకి మార్చి, కొబ్బరి పీచు చుట్టిన కర్రకు ఎక్కించు. పీచును తడిగా ఉంచితే కణుపుల వేళ్ళు పట్టుకుంటాయి. కుండీ మట్టిలో వేలు పెట్టి చూసి, పైన రెండంగుళాలు ఆరాకే నీళ్ళు పొయ్యి.

సీసాలోనే ఉంచుతానంటే సరే, కానీ నీళ్ళు మార్చేస్తే పనయిపోయిందనుకోకు. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, గాజు గోడకి. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి, తడి తగలగానే పిగులుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మన ఊళ్ళల్లో శుక్రవారం డ్రై డే (నిలవ నీళ్ళు పారబోసే రోజు) పెట్టింది అందుకే. ఆ రోజు సీసాను లోపల బ్రష్‌తో రుద్ది కడుగు.

ఈ మొక్క గాలిని శుభ్రం చేస్తుందని నర్సరీ అతను చెప్పాడా? నాసా 1989లో పరీక్షించింది మూసిన పెట్టెల్లో. గదిలోకి బయటి గాలి మామూలుగా వచ్చిపోతూ చేసే పనికి చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. కిటికీ తెరువు.

మనీ ప్లాంట్‌ను దొంగిలిస్తేనే కలిసొస్తుందనే మాట ఉందిగా, కణుపున్న ముక్కయితే అడిగి తెచ్చుకున్నా వేళ్ళు వేస్తుంది.

మరొక్క మాట. ఆ ఆకులో సూదుల్లాంటి ఆక్జలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండి వాచిపోతుంది. చంటాడు పాకుతున్నాడన్నావు, సీసాను ఇవాళే వాడికి అందని ఎత్తులో పెట్టు.