మాట వెనుక కథ: ఇనండేట్

విద్యార్థులారా! భారీ వర్షాలు పడేటప్పుడు వాతావరణ శాఖ ఇంగ్లీషులో హెచ్చరికలు వెలువరిస్తుంది. వాటిలో 'ఇనండేషన్' అనే మాట కనిపిస్తూ ఉంటుంది. దాని క్రియాపదం 'ఇనండేట్'. మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. మీ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది మీరొక్కరే కావచ్చు. కనుక ఈ మాటను మార్కుల కోసమే కాదు, ఇంటివారి క్షేమం కోసం కూడా నేర్చుకుందాం.

లాటిన్ భాషలో 'ఉండా' అంటే అల. 'ఇన్' అంటే లోపలికి, మీదికి. రెండూ కలిసి 'అలలా మీదికి రావడం' అయింది. ఈ 'ఉండా'కూ, మన 'ఉదకం'కూ, ఇంగ్లీషు 'వాటర్'కూ మూలం ఒకటేనని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. మీకు బాగా తెలిసిన 'సరౌండ్' కూడా ఈ కుటుంబానిదే. ఒకప్పుడు దాని అర్థం పొంగి పొర్లడం!

మరి మునగడమూ, ఇనండేట్ కావడమూ ఒకటేనా? కాదు. బిందెలో రాయి వేస్తే మునుగుతుంది. అది 'సబ్‌మర్జ్'. అక్కడ రాయి నీటిలోకి వెళ్ళింది. పొడిగా ఉండవలసిన నేల మీదికి నీరే వచ్చి కప్పేస్తే అది 'ఇనండేట్'. తెలుగులో రెంటినీ 'ముంపు' అనేస్తాం. ప్రాజెక్టు కింద శాశ్వతంగా నీట ఉండిపోయే ఊళ్ళకు ఇంగ్లీషులో సాధారణంగా మొదటి మాట వాడతారు. వరద వచ్చి, తీసి, మళ్ళీ బయటపడే ఊళ్ళకు రెండో మాట తగినది.

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. జనం ఇళ్ళ కప్పులు ఎక్కారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 'ద విలేజ్ వాజ్ ఇనండేటెడ్' అన్న వాక్యానికి అర్థం ఇదే. ఆ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో అదే జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. గుణించి చూడండి. ఒక్క ఎకరం మీదనే దాదాపు 25 లక్షల లీటర్లు! అంత నీటిని నేల తాగలేదు. మిగిలినదంతా పల్లానికి, వాగులకు పరుగెత్తుతుంది.

అయితే ఈ మాట చెప్పనిది ఒకటుంది. నీరు నిలిచి ఉందా, పారుతోందా అన్నది ఇందులో లేదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరద రైలు పట్టాల కింది కంకరను కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. దీన్ని 'వాష్డ్ అవే' అంటారు. పట్టాలకే ఆధారం లేకుండా చేసిన ప్రవాహానికి మనిషి ఒక లెక్కా? మోకాలి లోతు నీరే కదా అని రోడ్డు మీద పారే వాగును దాటకూడదు.

ఇక మెట్ట ప్రాంతమైన జనగామకు వెళదాం. నీటి ఎద్దడి తెలిసిన ఆ నేల మీద కూడా ఈ మాటకు పని ఉంది. కోతల కాలంలో మార్కెట్ యార్డుకు ధాన్యం వెల్లువెత్తిందనుకోండి. అప్పుడు యార్డు ధాన్యంతో 'ఇనండేటెడ్' అనవచ్చు. 'తో' అనే చోట ఇంగ్లీషులో 'విత్' వాడాలి. తట్టుకోలేనంత వచ్చి పడినప్పుడే ఈ మాట. నాలుగు బస్తాలకు వాడితే నవ్వుతారు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఏ మాట దేనికి?

1. కుంట తెగి వరి పొలాలను నీరు కప్పేసింది.
2. బావిలో పడిన చేద అడుగుకు చేరింది.
3. వాగు ఉద్ధృతికి కల్వర్టు కొట్టుకుపోయింది.

ఈసారి వాన హెచ్చరికలో ఈ మాట కనిపిస్తే, దాని అర్థం ఇంట్లో పెద్దలకు వెంటనే చెప్పండి.